పొద్దుతిరుగుడులో పెద్ద పువ్వులే విత్తనానికి ఉంచాలా?

దెగ్లూర్ రైతుబిడ్డ:
మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా. సోయా తీసినంక రెండెకరాల్లో హైబ్రిడ్ పొద్దుతిరుగుడు వేశాం. ప్యాకెట్ ఖర్చు తప్పుతుందని మా నాయిన పెద్ద పెద్ద పువ్వులు ఏరి విత్తనానికి పక్కన పెట్టారు. నేను ప్లాంట్ బ్రీడింగ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నా. ప్రాజెక్టు కోసం మా చేనులోనే మొక్క ఎత్తు, ఆకుల సంఖ్య, పువ్వు వెడల్పు, నూరు గింజల బరువు కొలిచా. లెక్క వేస్తే అన్నీ దిగుబడితో పాటే పెరుగుతున్నాయి. అట్లయితే నాయిన చేసిందే కరెక్ట్ కావాలి.

కానీ నిన్న రెండు పువ్వులు విడిగా కొట్టి చూశా. ఒకటి 22 సెంటీమీటర్లు, ఇంకోటి 15. పెద్దదాని నడుమ అరచేయంత మేర తాలే. చాటలో చెరిగితే ఆ తాలంతా ఎగిరిపోయింది. మిగిలిన గింజలు తూచితే చిన్న పువ్వు కంటే 4 గ్రాములు తక్కువే వచ్చాయి. ఇంతకీ దేన్ని చూసి మొక్కను ఎంచుకోవాలి?

విత్తనాల అన్న:
చెల్లె, రెండూ కలిసి పెరుగుతున్నాయా అని చూసే సహసంబంధం లెక్క దగ్గరే ఆగకు, పాత్ అనాలిసిస్ చెయ్యి. ఒక లక్షణం దిగుబడిని నేరుగా ఎంత పెంచుతోంది, వేరే లక్షణం చాటున ఎంత పెంచుతోంది అన్నది అందులో విడిపోతుంది. ఒక మొక్క దిగుబడి అంటే నిండు గింజలు ఎన్ని, ఒక్కో గింజ బరువెంత, అంతే. పువ్వు వెడల్పు గింజలకు చోటు ఇస్తుంది. ఆ చోట్లో తాలు ఉంటే వెడల్పుతో పనేముంది? నీ పట్టికలో నిండు గింజల సంఖ్యే లేదు. ముందు అది లెక్కపెట్టు.

ఇంకోటి, గట్టు పక్క మొక్కలు కొలవకు. వాటికి చోటు, ఎండ ఎక్కువ దొరుకుతాయి కాబట్టి పువ్వు పెద్దదవుతుంది. అది విత్తనంలో ఉన్న గుణం కాదు.

నాయినకు మాత్రం గట్టిగా చెప్పు, హైబ్రిడ్ పంట గింజ మళ్లీ విత్తొద్దని. హైబ్రిడ్ విత్తనం తయారీలో తండ్రిగా వాడే లైన్లు చాలావరకు కొమ్మలు వేసేవి. ఆ గుణం మొదటి తరంలో దాగి, తర్వాతి తరంలో బయటపడుతుంది. ఒక్క పువ్వుకు బదులు నాలుగైదు చిన్న పువ్వులు వేసే మొక్కలు వస్తాయి. పుప్పొడి లేని మొక్కలు కూడా వస్తాయి. ఎంత పెద్ద పువ్వు నుంచి తీసినా ఇది తప్పదు. విత్తనం దాచుకోవాలంటే మోర్డెన్ లాంటి సూటి రకం (హైబ్రిడ్ కానిది) వేయండి.

బిలోలి కాక:
బిడ్డా, నడుమ గింజలు తాలు కావడానికి తేనెటీగలు రాకపోవడం కూడా కారణమే. మా దగ్గర పూత మీద మందు కొట్టిన ఏడాది అట్లే అయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆకర్షక పత్రాలు, అంటే పువ్వు చుట్టూ ఉండే పసుపు రేకులు, విచ్చుకునేటప్పుడు లీటరు నీళ్లకు 2 గ్రాముల బోరాక్స్ కలిపి పువ్వు తడిసేట్టు కొట్టండి. తేనెటీగలు కనబడకుంటే పొద్దున 9 నుంచి 11 మధ్య చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని పువ్వులను మెల్లగా రుద్దండి, రోజు విడిచి రోజు. మేమిద్దరం ఆలుమగలం ఎకరం చేశాం. చేతులు గుంజుతాయి గాని గింజ నిండుతుంది.

దెగ్లూర్ రైతుబిడ్డ:
అన్నా, నాయినను అడిగా. పక్కన పెట్టిన పువ్వుల్లో సగానికి పైగా గట్టు పక్క సాళ్లవే. అవన్నీ నూనె మిల్లుకే వేద్దామన్నారు. కాకా, మా చేనులోనూ పూత మీద ఒకసారి మందు కొట్టాం, అది నేను రాసిపెట్టుకోలేదు. ఇప్పుడు లోపలి సాళ్ల నుంచి ముప్పై పువ్వులు తెచ్చి ఇంట్లో అందరం కూర్చుని నిండు, తాలు వేరు చేస్తున్నాం. పన్నెండు అయినయ్.