అప్‌డేట్: బెజవాడ బస్టాపుల గ్రాఫ్‌లో పుకారు మూలం దొరకడం లేదన్న ప్రశ్న

అడిగింది ఇదీ: విజయవాడ సిటీ బస్టాపులే నోడ్లుగా (బిందువులుగా), వాటి మధ్య లింకులతో 500 నోడ్ల గ్రాఫ్. 5 మూలాల నుంచి ఎస్ఐ మోడల్‌లో (ఒకసారి సోకిన నోడ్ ఇక సోకినట్టే ఉండే పద్ధతి) పుకారు పాకించి, ఏ నోడ్లకు సోకిందో చూపే చివరి స్నాప్‌షాట్ మాత్రమే జీసీఎన్‌కి (గ్రాఫ్‌ల మీద పనిచేసే న్యూరల్ నెట్‌వర్క్) ఇచ్చి మూలాలు కనుక్కోమంటే అక్యురసీ 99 శాతం, పట్టిన మూలాలు సున్నా. ఎందుకని?

జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు, తప్పు దొరికింది. 495 నోడ్లు మూలాలు కావు కాబట్టి అన్నిటికీ సున్నా చెప్పినా 99 శాతం వచ్చేస్తుంది. లాస్‌లో (ట్రైనింగ్‌లో మోడల్ తప్పుల లెక్క) మూలాల వెయిట్ 495/5, అంటే 99 పెట్టాక మోడల్ కదిలింది.

కదిలి నేరుగా నెహ్రూ బస్టాండుకి పోయింది! గొల్లపూడిలో మొదలెట్టినా అదే, పటమటలో మొదలెట్టినా అదే. సిమ్యులేషన్ కోడ్‌లో డిగ్రీని (నోడ్‌కున్న లింకుల సంఖ్యని) బట్టి మూలాలను ఎంచే లైను ఉంది. మోడల్ వ్యాప్తిని వదిలేసి డిగ్రీని బట్టీపట్టింది. అన్ని నోడ్లకీ సమాన అవకాశమిచ్చి డేటా మళ్లీ తయారుచేస్తేగానీ ఆ జబ్బు వదల్లేదు.

ఇన్‌పుట్‌గా 0, 1 స్థితి (సోకలేదు, సోకింది) ఒక్కటే చాలదు. జీసీఎన్‌తో పుకారు మూలాలు వెతికే 2019 నాటి జీసీఎన్ఎస్ఐ పద్ధతిలోలాగా ఎల్‌పీఎస్ఐ (సోకిన, సోకని గుర్తులను పొరుగు నోడ్లకు పంచుతూ మూలాలు వెతికే పద్ధతి) స్థిరపడ్డాక వచ్చే విలువలూ కలపాలి. చుట్టూ సోకని పొరుగున్న అంచు నోడ్ల విలువ తగ్గి, నడిమి నోడ్లు పైకి తేలతాయి. లేయర్లు మరీ పెంచితే ఓవర్‌స్మూతింగ్: పక్కపక్క స్టాపులన్నీ ఒకేలా కనిపిస్తాయి.

స్నాప్‌షాట్ 30 శాతం నోడ్లకు సోకేసరికి తీసేయాలి. ఊరంతా పాకాక తీస్తే అందులో ఆనవాలే మిగలదు. ఒకే మూలాల సెట్ ట్రైనింగ్‌లోనూ టెస్టులోనూ పడకూడదు. కొలతగా అక్యురసీ పక్కనపెట్టి ఎఫ్1 (మూలాలన్నవాటిలో ఎన్ని నిజమో, అసలు మూలాల్లో ఎన్ని దొరికాయో కలిపి చూసే కొలత), అసలు మూలానికి ఎన్ని స్టాపుల దూరంలో ఆగిందన్న లెక్క చూడాలి.