నాన్నకు ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ వేశాక నొప్పి పెరిగింది, ఎవరికైనా ఇలా అయిందా?

తెనాలి_అబ్బాయి:
నాన్నకు 71 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్, వెన్నెముకకు పాకింది. ఈ క్యాన్సర్‌ను పెంచే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గడానికి మూడు నెలలకోసారి వేసే 22.5 మిల్లీగ్రాముల ల్యూప్రోలైడ్ వేశారు. ఐదో రోజు నుంచి నడుం నొప్పి ఎక్కువైంది. రాత్రిళ్లు పక్కకు ఒత్తిగిల్లలేక మంచం కోడు పట్టుకుని కూర్చుంటున్నారు. మందు పడలేదేమోనని అమ్మకు ఒకటే టెన్షన్.

ఖమ్మం_కోడలు:
ముందు ఇది చూడండి తమ్ముడూ. కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వెన్నుపాము నొక్కుకుపోతుండొచ్చు. అవేం లేకపోయినా డాక్టరు గారికి ఇవాళే ఫోన్ చేయండి. మా మామయ్య గారికి ఇంజెక్షన్‌కి ముందే బైకాలుటమైడ్ 50 మాత్ర మొదలుపెట్టారు. మీ చీటీలో అది ఉందా?

ఫార్మసీ_అక్క:
మందు పనిచేసే తీరే అంత. మెదడు నుంచి పిట్యూటరీ గ్రంథికి ఒక హార్మోన్ విడతలు విడతలుగా అందుతుంది. అది అందినప్పుడల్లా పిట్యూటరీ టెస్టోస్టిరాన్ తయారుచేయమని వృషణాలకు కబురు పెడుతుంది. ల్యూప్రోలైడ్ అచ్చం ఆ హార్మోన్‌లాంటిదే, కాకపోతే విడతలు లేవు. ఎవరో వచ్చి ఆగకుండా తలుపు కొడుతుంటే మొదట పరుగెత్తుకొచ్చి తీస్తాం, తర్వాత పలకడం మానేస్తాం కదా. అలా మొదటి ఒకటి రెండు వారాలు టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, దాన్నే ఫ్లేర్ అంటారు. మూడు నాలుగు వారాలకు బాగా పడిపోతుంది. డెసిలీటరుకు 50 నానోగ్రాములలోపు రావాలి. బైకాలుటమైడ్ హార్మోన్‌ను తగ్గించదు, క్యాన్సర్ కణంలో అది కూర్చునే చోటు ముందే ఆక్రమిస్తుంది. డెగారెలిక్స్ అనే వేరే ఇంజెక్షన్ అయితే పిట్యూటరీని నేరుగా ఆపేస్తుంది. ఫ్లేర్ ఉండదు కానీ నెలనెలా వేయించుకోవాలి.

హ్యూస్టన్_పిన్ని:
నాది రొమ్ము క్యాన్సర్, లెట్రోజోల్ వాడుతున్నాను. దాన్ని పెంచే ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ ముట్లుడిగాక ఎక్కువగా కొవ్వులో ఆరోమటేస్ అనే ఎంజైమ్ వల్ల తయారవుతుంది. ఈ మాత్ర ఆ ఎంజైమ్‌నే ఆపుతుంది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి పచ్చడి సీసా మూత కూడా తిప్పలేకపోయేదాన్ని. ఎముకలు కూడా పలచబడ్డాయని డెక్సా స్కాన్‌లో తెలిసింది. టెస్టోస్టిరాన్ తగ్గితే మగవాళ్లకూ ఎముకలు గుల్లబారతాయి బాబూ. నాన్నగారికి ఆ స్కాన్ ఇప్పుడే అడుగు.

తెనాలి_అబ్బాయి:
చీటీలో మాత్ర ఉంది! షాపులో స్టాక్ లేదంటే వారం తర్వాత తెద్దాంలే అనుకున్నాను. నా పొరపాటే. డాక్టరు గారు ఎమ్మారై తీయించారు, వెన్నుపాముకు ఇబ్బంది లేదు. మాత్ర ఇవాళే మొదలైంది.

తెనాలి_అబ్బాయి (నెల తర్వాత):
టెస్టోస్టిరాన్ 22. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎలా ఉందో చూసే రక్తపరీక్ష పీఎస్ఏ 86 నుంచి 11కి దిగింది. నాన్న పక్కకు తిరిగి పడుకుంటున్నారు. కాకపోతే ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు. ఫ్యాన్ కిందే బనియన్ తడిసిపోతోంది, నాలుగు అడుగులకే అలసిపోతున్నారు. రోజూ సాయంత్రం కాలువ గట్టు దాకా నడిపిస్తున్నాను. డెక్సా స్కాన్ సోమవారం. ఆవిర్లకు మీ ఇళ్లల్లో ఏం చేశారో చెప్పండి.