స్ఫూర్తి గాథలు వినిపించే కార్యాలయం వాటి నుంచి ఏం గ్రహించాలి?

ప్రశ్న (హైదరాబాద్, మానవ వనరుల విభాగం ఉద్యోగి)

అందరికీ నమస్కారం. అందరికీ చోటున్న కార్యాలయం అనే అంశంపై మా సంస్థలో వచ్చే నెల వారం రోజుల కార్యక్రమం జరపాలని నిర్ణయించారు. కష్టాలను ఎదుర్కొని చరిత్రలో నిలిచిన వారి ఫొటోలు గోడల మీద పెట్టి, రోజుకొకరి గురించి మాట్లాడించే బాధ్యత నాకు అప్పగించారు. చక్రాల కుర్చీలో వచ్చే మా సహోద్యోగి ఒకరు ఆ పేర్ల జాబితా చూశారు. ఇటువంటి కథలు విన్న పై అధికారులకు "వాళ్లంతా సాధించారు కదా, మీకేం అడ్డు?" అనే ధోరణే మిగులుతుందని, ఆ తర్వాత తన అవసరం నోరు తెరిచి అడగడం ఇంకా కష్టమవుతుందని ఆయన స్పష్టంగా చెప్పారు. సభ జరగవలసిన హాలు గుమ్మం ముందు రెండు మెట్లున్నాయి. ప్రతి సమావేశానికీ ఇద్దరు మనుషులు ఆయన కుర్చీని ఎత్తి లోపల పెడతారు. ముగిశాక ఆ ఇద్దరూ మళ్లీ వచ్చేదాకా ఆయన అక్కడే కూర్చుని ఉంటారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అలాగని మహనీయుల జీవితాలు చెప్పడమే మానుకోవాలని నాకు లేదు. ఎవరి గురించి, ఏ విధంగా చెబితే బాగుంటుందో అనుభవజ్ఞులు సూచించగలరు.

మొదటి సమాధానం (విశాఖపట్నం, విశ్రాంత ఎలక్ట్రికల్ ఇంజనీరు)

మీ సహోద్యోగి సందేహం సబబైనదేనండి. కథలు మానేయనక్కరలేదు గానీ, సగంలో ఆపకుండా పూర్తిగా చెప్పాలి. నేనైతే అయ్యలసోమయాజుల లలిత గారితో మొదలుపెడతాను. ఆమె 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లయింది. 1937లో, చేతిలో నాలుగు నెలల పసికందు ఉండగా భర్త పోయారు. ఆ కాలపు వితంతువులకు రాసిపెట్టినట్టుండే జీవితాన్ని కాదని, 1943లో గిండీ ఇంజనీరింగ్ కళాశాల నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. పోస్టరు మీద ఇంతవరకే వేస్తే మీ సహోద్యోగి భయపడిందే జరుగుతుంది.

ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు అదే కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. మగపిల్లలకే పరిమితమైన ఆ చోట కూతురికి ప్రవేశం ఇవ్వమని ఆయన అడిగితే, ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారు ఒప్పుకున్నారు. అంతమంది అబ్బాయిల మధ్య ఆమె ఒంటరి కాకూడదని తర్వాత మరికొందరు అమ్మాయిలు చేరేలా చూశారు, పి.కె. థ్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్ ఇంజనీరింగ్‌లో చేరింది అలాగే. పట్టా పత్రాలు అప్పటికి పురుషుల పేరిటే అచ్చయి ఉండడంతో, ఆ మాటను కొట్టివేసి చేతితో దిద్ది ఇచ్చారు. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ ముగిశాక ఆమె సిమ్లాలో ఉద్యోగం చేశారు, 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. రెండు ఊళ్లలోనూ సోదరుల కుటుంబాల ఆసరా ఉండబట్టే, కూతురు శ్యామలను పెంచుకుంటూ భాక్రా నంగల్ వంటి ప్రాజెక్టుల పనిలో పాలు పంచుకోగలిగారు. ఇందువల్ల ఆమె పట్టుదల విలువ ఒక్క పిసరు కూడా తగ్గదు. కానీ అంతే తెలివి ఉండి, ఇంజనీరింగ్ ఆచార్యుడి ఇంట పుట్టని వితంతువులు ఆ రోజుల్లో ఎందరో ఉండి ఉంటారు. ఆమె గురించి చెప్పేటప్పుడే వాళ్ల గురించి కూడా మాట్లాడించండి.

రెండో సమాధానం (న్యూజెర్సీ, స్వస్థలం భీమవరం)

పై పెద్దాయన చెప్పినదానికి మా ఊరివాడైన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని జత చేయండి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువ స్థాయి వైద్య పట్టా అయిన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. అమెరికా వెళ్లాక ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ చదివారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నారు. ఇప్పటికీ ఇద్దరి పేర్లతో పిలిచే ఆ పద్ధతి 1925లో వెలువడింది. ఇంత చేసినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీకి వెళ్లాక పరిశోధనశాల, సహచరులు, నిర్ణయించే అధికారం అన్నీ ఆయన చేతికి వచ్చాయి. 1948లో కన్నుమూసేలోపు ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారీ, మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజీన్ మందు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడ్డాయి. మనిషి అతడే, మేధస్సు అదే. మారినది పనిచేసే చోటు. యాజమాన్యాల ముందు ఈ సంగతిని గట్టిగా చెప్పండి.

మూడో సమాధానం (విజయవాడ, కార్మిక చట్టాల న్యాయవాది)

మీ సహోద్యోగి అడిగేది దయ కాదని మీ పై అధికారులకు తెలియాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు ఆ విధానంలో దివ్యాంగులకు కల్పించే సౌకర్యాలను పేర్కొని, వారి అవసరాలు చూసే ఒక సంధాన అధికారిని (లైజన్ ఆఫీసర్) నియమించాలి. మీ దగ్గర ఆ పత్రం ఉందో లేదో పోస్టర్లు అచ్చు వేయించే ముందే చూడండి. హాలు విషయానికి వస్తే, ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు కంటే నిటారుగా ఉండకూడదు. రెండు మెట్లు కలిపి అడుగు ఎత్తుంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. వసారాలో అంత చోటు లేకపోతే, సభను నేల మట్టంగా ఉన్న మరో గదికి మార్చండి.

లలిత గారికి సోదరుల ఇళ్లలో దొరికిన ఆసరాకు నేటి చట్టంలో కొంత రూపం ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత, యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ఆమె గురించి మాట్లాడే రోజున మీ సంస్థ క్రెష్ ఎక్కడుందో, దాన్ని ఎందరు వాడుకుంటున్నారో కూడా అదే వేదిక మీద చెప్పించండి. లేదంటే ఎప్పటికి ఏర్పాటవుతుందో తేదీతో సహా ప్రకటించమని యాజమాన్యాన్ని ముందే రాతపూర్వకంగా అడగండి.