అమ్మకీ నాన్నకీ కలిపి ఒకే మసాజ్ మెషిన్ కొనొచ్చా?

చిన్నకూతురు:

అందరికీ నమస్కారం. ఇంట్లో వాడుకునే మసాజ్ మెషిన్ కొందామని చూస్తున్నాను. ఎవరికి వాళ్ళు తమదే గొప్ప అంటున్నారు, చదివేకొద్దీ గందరగోళం పెరుగుతోంది. వాడినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెబితే ధైర్యంగా ఉంటుంది.

అమ్మకి అరవై నాలుగు. ఏళ్ళ తరబడి నిలబడి పాఠాలు చెప్పిన మనిషి. సాయంత్రానికి పిక్కలు బిగుసుకుపోతాయి, మెడా భుజాలూ పట్టేస్తాయి. మోకాళ్ళ నొప్పులు సరేసరి, అరుగుదల మొదలైందని డాక్టర్ చెప్పారు. రాత్రిపూట అప్పుడప్పుడు కాలు కొంకర్లు పోయి లేచి కూర్చుంటుంది. ఇన్నాళ్ళూ పడుకునే ముందు నేనే కాళ్ళు పట్టేదాన్ని. వచ్చే నెల ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్తున్నాను. నేను లేని లోటు కొంతైనా తీర్చే వస్తువు ఇంట్లో పెట్టి వెళ్దామని నా ఆశ.

నాన్నకి అరవై తొమ్మిది. చాలా కాలంగా షుగర్ ఉంది, అరికాళ్ళు మొద్దుబారినట్టు ఉంటాయంటారు. గుండెకి స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నారు. ఆయనకి నడుము నొప్పి. "మీ అమ్మకి తెస్తే నేనూ వాడుకుంటాలే" అంటున్నారు.

చేత్తో పట్టుకుని వాడే మసాజ్ గన్, లోపల బంతులు తిరిగే దిండు, కాళ్ళు లోపల పెట్టుకునే పెట్టె లాంటిది. నేను చూసినవి ఈ మూడూ. ఇద్దరికీ పనికొచ్చేది ఏది? రోజుకి ఎంతసేపు వాడొచ్చు? గన్ నేరుగా మోకాలి మీద పెడితే నొప్పి తగ్గుతుందా?

కీబోర్డ్_రవి:

నేను రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. మా ఇంట్లో గన్, దిండు రెండూ ఉన్నాయి కాబట్టి వాడకం గురించి మాత్రం చెప్పగలను.

గన్ మంచిదే కానీ దాన్ని చేత్తో మోయాలి. తొడలకీ పిక్కలకీ ఇబ్బంది లేదు, కూర్చుని పెట్టుకోవచ్చు. భుజం వెనక, వీపు మీద కావాలంటే మాత్రం చెయ్యి వెనక్కి తిప్పి ఎత్తి పట్టుకోవాలి. మెడ పట్టేసిందని మొదలుపెడితే ఆ ఎత్తి పట్టుకోవడానికే రెండో భుజం లాగేస్తుంది. పెద్దవాళ్ళకి అది కష్టం. ఇంకొకరు పక్కన ఉండి పెట్టాల్సిందే.

దిండుకి ఆ బాధ లేదు. కుర్చీలో వెనక పెట్టుకుని ఆనుకుంటే చాలు. ఎంత ఆనితే అంత గట్టిగా ఒత్తుతుంది, ముందుకి జరిగితే వదిలేస్తుంది. ఒత్తిడి మన చేతిలోనే ఉండటం నాకు దాంట్లో బాగా నచ్చిన విషయం. మీ అమ్మగారికైతే నా ఓటు దిండుకే. నాన్నగారి సంగతి నేను చెప్పలేను, తెలిసినవాళ్ళు చెప్పాలి.

రిపేర్_బాబాయ్:

అమ్మా, ఈ మెషిన్లు విప్పి బాగుచేయడం నా పని. కొనేముందు లోపల ఏముందో తెలిస్తే డబ్బాల మీద రాతలు చూసి మోసపోరు.

గన్‌లో ఒక మోటారు ఉంటుంది. దాని ఇరుసు మీద నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి జరిపి బిగించిన చక్రం ఉంటుంది. ఆ చక్రానికి తగిలించిన చిన్న రాడ్డే గుండ్రటి తిప్పుని ముందుకీ వెనక్కీ పోటుగా మారుస్తుంది. ఆ పోటు ఎంత దూరం వెళ్తుందో దాన్ని స్ట్రోక్ అంటారు. చిన్నసైజు గన్‌లలో అది 6, 8 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దవాటిలో 12, ఇంకా ఖరీదైనవాటిలో 16 దాకా వెళ్తుంది. డబ్బా మీద మాత్రం నిమిషానికి 3,200 పోట్లు, 30 స్పీడ్లు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. స్ట్రోక్ తక్కువైతే ఎంత స్పీడు ఉన్నా పైపైన వణుకే తప్ప కండ లోపలికి దిగదు. ఆ ముప్పై స్పీడ్లలో పక్కపక్క రెండింటికీ తేడా చేతికి తెలియదు కూడా.

ఇంకోటి స్టాల్ ఫోర్స్. అంటే ఎంత గట్టిగా అదిమితే మోటారు ఆగిపోతుందో ఆ లెక్క. కసరత్తు చేసే కుర్రాళ్ళు ఇది ఎక్కువ ఉండాలని వెతుక్కుంటారు. పెద్దవాళ్ళ కోసమైతే నేను తక్కువే కోరుకుంటాను. ఎక్కువ అదిమినప్పుడు ఆగిపోయే మెషిన్ వాళ్ళకి మేలు.

దిండు కథ వేరు. దాంట్లో మోటారు వేగాన్ని వార్మ్ గేర్ అనే ఒక పళ్ళ చక్రం బాగా తగ్గించి, బలం పెంచి, బంతులున్న చేతుల్ని మెల్లగా తిప్పుతుంది. ఆ గేరు చాలావాటిలో ప్లాస్టిక్‌దే. దిండుని మంచం మీద పెట్టి దాని మీద మొత్తం బరువు వేసి పడుకుంటే పళ్ళు అరిగిపోతాయి. నా దగ్గరికి వచ్చే దిండ్లలో ఎక్కువ భాగం ఇదే రోగం, ఆన్ చేయగానే టకటకమని చప్పుడు. కుర్చీలో ఆనుకుని వాడితే చాలా కాలం వస్తుంది.

ఇప్పుడు చెప్పేది ముఖ్యం. బంతుల మీద గుడ్డ తొడుగు ఉంటుంది చూడండి, అది చిరిగితే ఆ రోజుతో వాడకం ఆపేయాలి. తొడుగు తీసేసి అసలు వాడకూడదు. తిరిగే చేతుల మధ్య జుట్టు, మెళ్ళో గొలుసు, బట్ట అంచు ఏది చిక్కినా లోపలికి లాగేసుకుంటుంది. మెడ దగ్గర అది ప్రాణం మీదకి వచ్చే సంగతి. జుట్టు ముడి వేసుకుని, గొలుసు తీసి పక్కన పెట్టి అప్పుడు ఆనుకోమనండి.

పదిహేను, ఇరవై నిమిషాలకి దానంతట అది ఆగిపోయే ఏర్పాటు ఉన్నదే కొనండి. అందులో నిద్రపోతే కాపాడేది అదే. బ్యాటరీవి కొంటే దాని చార్జర్‌తోనే చార్జింగ్ పెట్టాలి, పరుపు మీదా దుప్పటి కిందా పెట్టకూడదు. బ్యాటరీ ఉన్నచోట ఉబ్బినట్టు కనిపించినా, ముట్టుకుంటే కాలినా మళ్ళీ చార్జింగ్ పెట్టొద్దు.

ఫిజియో_మాధవి:

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. పైన ఇద్దరూ మంచి మాటలు చెప్పారు. కానీ మీ ప్రశ్నలో నన్ను ఆపింది మెషిన్ కాదు, నాన్నగారి గురించి రాసిన నాలుగు ముక్కలు. అందుకే ముందు ఆయన సంగతి.

ఆయన కాళ్ళకి ఏ మెషిన్ పెట్టొద్దండి. షుగర్‌తో అరికాళ్ళు మొద్దుబారాయంటే అక్కడి నరాలు నొప్పినీ వేడినీ సరిగ్గా చేరవేయడం లేదని అర్థం. మనకైతే గట్టిగా ఒత్తగానే అబ్బా అని కాలు లాక్కుంటాం. ఆయనకి ఆ కబురు అందదు. కాళ్ళ పెట్టెల్లో వేడి కూడా ఉంటుంది, చర్మం కాలి బొబ్బ లేచినా ఆయనకి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండు ఎంత మొండిదో మీకు చెప్పక్కర్లేదు.

ఇక నడుము. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకునేవాళ్ళకి చిన్న నలుగుడికే చర్మం కింద రక్తం చేరి కమిలిపోతుంది. గన్ పోట్లు వాళ్ళకి అసలు వద్దు. దిండు కూడా ఆయన గుండె డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి. నడుముకి ఆయన చేయగలిగిన మంచి పని రోజూ కాస్త నడవడం, ఒకేచోట గంటలకొద్దీ కూర్చోకుండా లేస్తూ ఉండటం. ఒకసారి ఫిజియోకి చూపించి, ఆయన ఒంటికి తగిన రెండు మూడు వ్యాయామాలు నేర్పించండి. మీ ప్రేమ అంతా ఒక మెషిన్‌లో పెట్టి ఇచ్చి వెళ్ళాలని మీకుంది, నాకు అర్థమవుతోంది. కానీ ఆయన విషయంలో అది ప్రమాదం, మొహమాటపడకుండా చెప్పేస్తున్నాను.

అమ్మగారికి రక్తం పలచబడే మందులు, ఎముకల బలహీనత లాంటివి లేకపోతే దిండు వాడుకోవచ్చు. ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పి ఉంటే మాత్రం ముందు డాక్టర్ మాట తీసుకోండి. దాని వల్ల ఎంత మేలు ఆశించాలో కూడా చెబుతాను. ఏదైనా తగిలితే మనం వెంటనే ఆ చోటు చేత్తో రుద్దుకుంటాం కదా. ఆ స్పర్శ కబుర్లు వెన్నుపాములోకి చేరి నొప్పి కబురుకి కొంత అడ్డం పడతాయి. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్నే ఒక గేటుతో పోల్చి వివరించారు. మసాజ్ ఇచ్చే హాయిలో చాలా భాగం అదే. కండ కాస్త వదులవుతుంది, కాసేపు నొప్పి తెలియదు. 2020లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో పదహారు మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళ పిక్కల మీద ఐదు నిమిషాలు గన్ పెడితే, పాదం పైకి వంగే పరిధి సుమారు 5 డిగ్రీలు పెరిగింది. కండ బలంలో మాత్రం మార్పు లేదు. వాళ్ళు యువకులు, మీ అమ్మగారికి అంతే జరుగుతుందని చెప్పలేం. కానీ విషయం తెలుస్తోంది కదా, పట్టు సడలుతుంది, బలం రాదు.

మోకాలికి కావలసింది ఆ బలమే. అందుకని గన్ మోకాలి మీద పెట్టడం వద్దు. చిప్ప మీద పోట్లు పడితే ఎముకకీ కీలుకీ నొప్పే మిగులుతుంది, అరుగుదల తగ్గదు. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, తొడ ముందు కండ బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. నొప్పి పెరిగితే తగ్గించుకోవాలి. నా దగ్గరికి మోకాళ్ళతో వచ్చేవాళ్ళందరికీ మొదట నేర్పేది ఇదే. విసుగ్గా అనిపిస్తుంది, వారాల తరబడి చేస్తేనే ఫలితం. అయినా మోకాలికి ఏ మెషిన్ చేసే మేలూ దీనికి సాటి రాదు.

దిండు మొదట తక్కువ వేగంతో, ఒక్కోచోట రెండు మూడు నిమిషాలు, మొత్తం పది నిమిషాలు చాలు. బంతులు వెన్నెముకకి అటూ ఇటూ ఉన్న కండ మీద తిరగాలి, నడిమధ్య ఎముక మీద కాదు. మెడ ముందు భాగానికీ పక్కలకీ ఏ మెషిన్ తగలకూడదు, మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు అక్కడే ఉన్నాయి. గంట తర్వాత కూడా ఎర్రగానో నొప్పిగానో ఉంటే మరుసటి రోజు వదిలేసి, తర్వాత ఇంకా మెల్లగా వాడాలి. ఎక్కువ చేస్తే ఎక్కువ గుణం అనుకునేవాళ్ళని రోజూ చూస్తుంటాను. గన్ మరీ గట్టిగా వాడాక కండరాలు దెబ్బతిని, మూత్రం రంగు ముదిరిపోయి ఆసుపత్రిలో చేరిన యువతి గురించి వైద్య పత్రికలో వచ్చింది. అరుదే, కానీ అంతదాకా వెళ్ళగల వస్తువని గుర్తుండాలి.

మరో మాట, దయచేసి అమ్మగారికి కూడా చెప్పండి. ఎప్పుడైనా ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా, నొప్పిగా ఉంటే దాన్ని చేత్తో కూడా పిసకకూడదు. లోపలి రక్తనాళంలో గడ్డ ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చిన్నకూతురు:

మాధవి గారూ, మీరు రాసింది అమ్మానాన్నలిద్దరికీ చదివి వినిపించాను. నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నారు, తర్వాత "డాక్టర్‌ని అడుగుదాం, తొందరేముంది" అన్నారు. కాళ్ళ పెట్టె ఆలోచన మానేశాం. అమ్మకి ఎముకల పరీక్ష ఎప్పుడూ చేయించలేదు, ఈ వారం అది అడిగి తర్వాత దిండు తీసుకుంటాం.

ఇంకో రెండు సందేహాలు. రాత్రి కొంకర్లు పోయినప్పుడు ఏం చేయాలి? నాన్న పాదాలకి కనీసం చేత్తో నూనె రాయొచ్చా?

ఫిజియో_మాధవి:

కొంకర్లు పోయిన కండ మీద గుద్దడం, గన్ పెట్టడం వద్దు. మోకాలు చాపి, కాలివేళ్ళని తన వైపుకి లాక్కోమనండి. వంగలేకపోతే ఒక తువ్వాలు పాదం కింద నుంచి వేసి రెండు కొసలూ పట్టుకుని లాగితే సరి. పట్టు వదిలాక అరచేత్తో మెల్లగా నిమరాలి. పడుకునే ముందు గోడకి చేతులు ఆనించి, ఒక కాలు వెనక పెట్టి మడమ నేలకి ఆనేలా పిక్క సాగదీసే అలవాటు చేయించండి. తరచూ వస్తుంటే వాడే మందుల చీటీతో సహా డాక్టర్‌కి చూపించాలి, కొన్ని మందుల వల్ల కూడా వస్తాయి.

నాన్నగారి పాదాలకి తేలిక చేత్తో రాయొచ్చు, పిసకొద్దు. వేళ్ళ సందుల్లో మాత్రం నూనె వద్దు, అక్కడ తడి నిలిస్తే చర్మం నాని పుండ్లు పడతాయి. రాసేటప్పుడే మంచి వెలుతురులో అరికాళ్ళు, మడమలు, వేళ్ళ మధ్య అంతా చూడాలి. చిన్న గీత, బొబ్బ, రంగు మారిన మచ్చ ఏది కనిపించినా ఆ రోజే చూపించాలి. మీరు వెళ్ళేలోపు ఈ చూడటం అమ్మగారికి నేర్పండి. ఆయన పాదాలకి ఏ మసాజ్ కంటే ఇదే ఎక్కువ మేలు.

రిపేర్_బాబాయ్:

అమ్మా, దిండు కొనేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకెళ్ళు. ఆమెనే కుర్చీలో కూర్చోబెట్టి, వెనక ఆనించి, ఎవరి సాయం లేకుండా ఆఫ్ బటన్ నొక్కమను. కొన్నిటికి బటన్ దిండు పక్క అంచున ఉంటుంది, వీపు ఆనించాక చెయ్యి అందదు. వైరుతో ముందుకి వచ్చే చిన్న రిమోట్ ఉన్నది చూసుకో, బటన్లు పెద్దవిగా ఉండాలి, కళ్ళజోడు లేకుండా తడిమినా ఏది ఆఫో తెలియాలి.