అగ్రి బీఎస్సీలో పంట పండించడం నిజంగా నేర్పుతారా?

ప్రత్తిపాడు అమ్మాయి:
నాకు ఇంటర్ బైపీసీ అయింది. ర్యాంకు చూస్తే బాపట్ల వ్యవసాయ కళాశాలలో సీటు వచ్చేలా ఉంది. నాన్నది మూడెకరాల మిర్చి. "చేలో పనికి నాలుగేళ్ల చదువెందుకమ్మా" అంటున్నారు. అక్కడ నిజంగా పంట వేయిస్తారా, పుస్తకాలేనా? ఆప్షన్లు పెట్టాలి, టెన్షన్‌గా ఉంది.

బాపట్ల 2018:
చెల్లీ, మాదీ మిర్చి ఇల్లే. పంట వేయిస్తారు. చిన్న మడి ఇస్తారు, దుక్కి నుంచి కోత దాకా మనదే బాధ్యత, ఖర్చు లెక్కతో సహా. నాకు మొక్కజొన్న వచ్చింది. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20. అలా వేస్తే ఎకరానికి 33 వేల పైచిలుకు మొక్కలు. నా మడిలో మొలక పల్చగా వచ్చింది. విత్తనం నాసిరకం అనుకున్నాను. తవ్వి చూస్తే నేనే మరీ లోతుగా వేశాను, లోపలే కుళ్లిపోయాయి. ఆ రోజు ఏడ్చాను. మర్నాడు పోగుంటలు పెట్టాను, అంటే మొలవని చోట్ల మళ్లీ విత్తనం వేశాను.

ఇంట్లో మాట మారింది మాత్రం ఎరువుల లెక్కతోనే. ఎకరానికి 40 కిలోల నత్రజని కావాలంటే యూరియా 87 కిలోలు, దాదాపు రెండు బస్తాలు. డీఏపీ బస్తా వేస్తే అందులోనే 9 కిలోల నత్రజని ఉంటుంది. మా నాన్న డీఏపీ వేసినా యూరియా తగ్గించేవారు కాదు. కాగితం మీద రాసి చూపించాక తగ్గించారు.

చివరి ఏడాది పల్లెలో రైతుల దగ్గర ఉండి పనిచేయాలి. 2021 చివర్లో మిర్చికి నల్ల తామర పురుగు పట్టిన కాలమది. తెల్ల కాగితం మీద పూలు దులిపి పురుగులు లెక్కపెట్టేవాళ్లం. మందు మీద మందు కొట్టి, అయినా తోట దక్కక కూర్చున్న రైతు ముఖం నాకిప్పటికీ గుర్తుంది. చదువు ఆ మనిషి కోసమే అనిపించింది.

గుంటూరు అన్న:
రైతు కోటా ఉంటుంది, పాస్‌బుక్, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే సిద్ధం చేసుకోమ్మా. మీ నాన్నగారికి ఇంకో మాట చెప్పు. మిర్చి యార్డులో 334 రకం అంటారే, అది గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం ఇచ్చిన వంగడమే. సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204, బీపీటీ అంటే బాపట్లే.

ప్రత్తిపాడు అమ్మాయి:
నాన్నకి చదివి వినిపించాను. డీఏపీ దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. పోయినేడు వేసిన బస్తాల లెక్క ఇద్దరం వేస్తున్నాం. బాపట్లే మొదటి ఆప్షన్. అక్కా, హాస్టల్‌కి ఏమేం తెచ్చుకోవాలి?