పెరుమాళ్ళపాడు నాగేశ్వరాలయం: పిల్లలకు పరశురాముడి కథ చెప్పాలా, 1850 వరద సంగతి చెప్పాలా?

ఆత్మకూరు పంతులమ్మ:
నెల్లూరు జిల్లా చేజర్ల మండలం పెరుమాళ్ళపాడు దగ్గర పెన్నా ఇసుకలో పూడిపోయిన నాగేశ్వరస్వామి ఆలయం 2020 జూన్‌లో బయటపడిన సంగతి మన జిల్లావారికి తెలిసిందే. మొన్న ఆదివారం మా ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళాను. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన, పరశురాముడు ప్రతిష్ఠించిన నూటొక్క ఆలయాలలో ఇది ఒకటని పిల్లలకు చెప్పారు. ఆలయం బయటపడిన రోజుల్లో పురావస్తు శాఖవారు మాత్రం, పెన్నా దారి మార్చుకునే నది కాబట్టి 1850 ప్రాంతపు వరదల తరువాత ఇది ఇసుక మేటల కింద పడి ఉంటుందని అన్నట్లు పత్రికల్లో వచ్చింది. కట్టడం వయసు సుమారు రెండు వందల ఏళ్ళని కూడా రాశారు. తిరిగి వస్తుండగా ఒక అమ్మాయి చెప్పులోని ఇసుక దులుపుకుంటూ, "టీచర్, నోట్సులో ఏది రాసుకోవాలి?" అని అడిగింది. రెండూ రాసుకోమన్నాను గాని, ఆ జవాబు నాకే తృప్తిగా లేదు. మీరేమంటారు?

కందుకూరు ఇంజినీరు:
రాసుకోవలసింది ఒకటే, అమ్మా. అక్కడ పైకి తేలినది ఇటుక, సున్నపు పని. నేను ముప్పై నాలుగేళ్ళు కట్టడాల మధ్యనే బతికినవాణ్ణి. పరశురాముడు ఏ యుగంవాడో, ఆ సున్నపు గచ్చు ఏ కాలంనాటిదో తేడా తెలియకుండా పిల్లలను పెంచితే, రేపు వాళ్ళు ఏ గోడను చూసినా త్రేతాయుగం అనే అంటారు. కథను తెలుగు క్లాసులో చెప్పండి, చరిత్ర నోట్సులో మాత్రం రాయించకండి.

పెన్నగట్టు:
ఇంజినీరు గారికి నమస్కారం. మాది ఆ పక్క ఊరే. నా చిన్నతనంలో మా నాయనమ్మ కార్తీక సోమవారం నాడు ఏటి ఇసుకలో ఒక మిట్ట దగ్గర ప్రమిద పెట్టి, "దీని కింద నాగేశ్వరుడు ఉన్నాడు" అని దండం పెట్టించేది. చదువుకున్నవాళ్ళు చాలామంది మమ్మల్ని చూసి నవ్వారు. ఊరి కుర్రవాళ్ళు పెద్దల మాట పట్టుకుని ఇసుక తోడితేనే గుడి కనబడింది, మీ శాఖలు ఆ తరువాతే వచ్చాయి. గుడి ఉన్నదన్న మాట నిజమైనప్పుడు, అదే నోటితో చెప్పిన పరశురాముడి మాట ఎందుకు అబద్ధమవుతుందో దయచేసి వివరించండి.

కందుకూరు ఇంజినీరు:
గుడి ఎక్కడ ఉందో గుర్తుండడం వేరు, ఎప్పుడు కట్టారో గుర్తుండడం వేరు. నూట డెబ్బై ఏళ్ళ కిందటి సంగతి మూడు నాలుగు తరాల నోట నిలవగలదు గాని, యుగాల సంగతి నిలవదు. అయినా మీరు నా ఇటుకకు జవాబు చెప్పలేదు.

ఉదయగిరి చూపరి:
ఇటుక కనబడగానే కొత్తదని ఎలా అంటారు? చేజర్లలోని కపోతేశ్వరాలయం ఇటుక కట్టడమే. అది క్రీస్తుశకం నాలుగో, ఐదో శతాబ్దం నాటిదనీ, మొదట బౌద్ధుల చైత్యమనీ, అంటే ప్రార్థన మందిరమనీ పండితులు అంటారు. పావురం కోసం శిబి చక్రవర్తి తన మాంసం కోసి ఇచ్చిన కథ అక్కడిదే. అదీ మన చేజర్లే కదా?

రంగనాయకులపేట:
కాదండీ. కపోతేశ్వరుడి చేజర్ల పల్నాడులో, నకరికల్లు దగ్గర ఉంది. పేరొక్కటే.

ఉదయగిరి చూపరి:
పొరబాటు నాదే. అయినా ఇటుక మాట నిలిచే ఉంది. తిరుపతి దగ్గరి గుడిమల్లం పరశురామేశ్వరాలయంలోని లింగం క్రీస్తుకు పూర్వపుదని చాలామంది ఒప్పుకుంటారు. అక్కడ తవ్వినప్పుడు కూడా అడుగున పాత ఇటుక కట్టడమే బయటపడింది. పరశురాముడి పేరున్న చోట ప్రాచీనత ఉండకూడదని ఎక్కడా లేదు.

కందుకూరు ఇంజినీరు:
నేను ఇటుక అన్నది ఏ ఇటుకనైనా కాదు. మూడు, నాలుగు శతాబ్దాలలో నాగార్జునకొండ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల నాటి ఇటుక ఇప్పటి ఇటుకకు రెట్టింపు పొడవుంటుంది, చేతిలో పెట్టుకుంటేనే తెలుస్తుంది. పెరుమాళ్ళపాడు ఇటుకను ఎవరైనా కొలిచారా? కొలవకుండా గుడిమల్లం దాకా వెళ్ళడం ఎందుకు?

పెన్నగట్టు:
కొలబద్ద పట్టుకుని దేవుడి దగ్గరికి వచ్చేవాళ్ళతో మాట్లాడడం నాదే తప్పు. మీ వంటివారు "రెండు వందల ఏళ్ళది" అని తేల్చి రాసిన కాగితం ఏం చేస్తుందో మీకు తెలియదు. ఆ గుడి చుట్టూ కనీసం ఒక కంచె వేయించమని మేము అర్జీ పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్ళాం. అక్కడి ఉద్యోగి కాగితం చదివి, "ఇది రెండు వందల ఏళ్ళది మాత్రమే కదయ్యా" అని ఫైలు పక్కన పెట్టాడు. ఆ "మాత్రమే" అన్న మాట నేను మరిచిపోలేను. పరశురాముడని చెబితే నలుగురు వస్తారు, నాలుగు రూపాయలు పోగవుతాయి, గుడి లేస్తుంది. మీ ఇటుక లెక్క వల్ల మాకు ఒరిగిందేమిటి?

కందుకూరు ఇంజినీరు:
గుడి లేస్తుందన్నారు, అదే నా భయం. ఇక చెప్పక తప్పదు. మా ఊరి శివాలయంలో ఒక శాసనస్తంభం ఉండేది. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాలలో దాని పాఠం ఉంది. అప్పట్లో మా కందుకూరు కూడా నెల్లూరు జిల్లానే. ఒక దాత వచ్చి, సాక్షాత్తు అగస్త్యుడు ప్రతిష్ఠించిన స్వామికి పగిలిన రాళ్ళేమిటని పాత మండపం పడగొట్టించి గ్రానైటు పరిపించాడు. స్తంభం ఏమైందని అడిగితే ఎవరూ పలకలేదు. రెండేళ్ళ తరువాత చెరువు మెట్లలో బట్టలు ఉతికే రాయిగా కనబడింది. అక్షరాలు సగం అరిగిపోయి, మిగతా సగంలో సబ్బు నురగ నిలిచి ఉంది. ఆ రోజు దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. మీ పరశురాముడి మీద నాకు కోపం లేదయ్యా. ఆయన పేరు చెప్పి రేపు వచ్చే పొక్లెయిన్ అంటేనే భయం.

పెన్నగట్టు:
ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇన్ని మాటలు వచ్చేవి కావు. పొక్లెయిన్ మాకూ వద్దు. కాని 2021 నవంబరులో పెన్నా ఎలా పొంగిందో మీరూ చూశారు. దేన్నీ ముట్టుకోవద్దని ఊరుకుంటే, ఇంకొక్క వరదకు అది మళ్ళీ ఇసుక కిందికే పోతుంది. ఆ మిట్ట మీద దీపం పెట్టిన మా నాయనమ్మకు నేనేం చెప్పాలి? మీకు ఆ గుడి చూడవలసిన వస్తువు. మాకు స్వామికి పూట పూటా నైవేద్యం జరగాలి.

ఆత్మకూరు పంతులమ్మ:
నేను అడిగింది నోట్సు గురించి. మీరిద్దరూ చెబుతున్నది ఆ గుడిని రేపు ఏం చేయాలన్న సంగతి. రేపు ఆ అమ్మాయికి పరశురాముడి కథ ఊరివారు చెప్పుకునేదనీ, వరద మాట పురావస్తు శాఖవారిదనీ, ఎవరు చెప్పారో పక్కన పేరుతో సహా రాసుకోమంటాను. ఇసుక మిట్ట మీది ప్రమిద సంగతి కూడా రాయిస్తాను, పెన్నగట్టు గారు అనుమతిస్తే.

పెన్నగట్టు:
రాయించండి అమ్మా. మా నాయనమ్మ పేరు మాత్రం వద్దు, ఊరి ముసలివాళ్ళందరూ పెట్టేవారు.

కందుకూరు ఇంజినీరు:
ఆ ఇటుక పొడవు ఎంతో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.