విదేశీ ఫారంలో ‘జాతి’ గడి: నింపాలా, వదిలేయాలా?

చెరువుగట్టు మాస్టారు (హనుమకొండ):
మొన్న వేసవిలో డాలస్‌లో మా అమ్మాయి దగ్గర ఉండగా పన్ను నొప్పి వచ్చింది. ఆసుపత్రి ఫారంలో పేరు, పుట్టిన తేదీ తర్వాత ‘రేస్’ అని ఒక ప్రశ్న. ‘అమెరికన్ ఇండియన్’ కనిపించగానే, అమెరికాకు వచ్చిన ఇండియన్‌ను నేనే కదా అని టిక్కు పెట్టేశాను. అది అక్కడి ఆదివాసులకు పెట్టిన పేరని మా అమ్మాయి నవ్వి, ‘ఏషియన్’లోకి మార్చింది. చైనావాళ్లతో కలిపి నన్ను ఒకే గడిలో కూర్చోబెట్టడమేమిటి? ఖాళీగా వదిలేయాలన్నది నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

కాజీపేట జంక్షన్:
మాస్టారూ, గడి ఉన్నది లెక్క కోసం. 1920 నుంచి 1940 దాకా అమెరికా జనాభా లెక్కల్లో మనవాళ్ల జాతి పేరు ‘హిందూ’. సిక్కులైనా, ముస్లింలైనా అదే. 1923లో భగత్ సింగ్ థింద్ అనే సిక్కుకు, తెల్లవాడు కాదన్న కారణంతో పౌరసత్వం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1970 లెక్కల్లో మనల్ని తెల్లవారిలో కలిపేశారు. ‘ఏషియన్ ఇండియన్’ అన్న వేరే గడి 1980లో వచ్చింది, అదీ అక్కడి భారతీయులు పట్టుబట్టి అడిగితేనే. వైద్యంలోనూ పనికొస్తుంది. అధిక బరువున్నవారికి మధుమేహ పరీక్ష చేయడానికి అక్కడ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే లెక్క) హద్దు 25 అయితే, ఆసియావారికి 23.

చెరువుగట్టు మాస్టారు:
అంటే ఒకే మనిషి 1940లో హిందూ, 1970లో తెల్లవాడు, 1980లో ఏషియన్! ఇలా పూటకో మాట చెప్పే గడిని నమ్మమంటారా? ఇక మధుమేహం నాకు పదేళ్లుగా ఉంది. ఆ సంగతి అదే ఫారంలో వేరే చోట రాశాను.

జగిత్యాల నుంచి:
మీది ఫారం గొడవ. దుబాయ్‌లో నేనున్న పదకొండేళ్లలో ఫారాలన్నీ కంపెనీవాళ్లే నింపారు. అరబీలో భారతీయుణ్ని ‘హిందీ’ అంటారు. మా గదిలో మలయాళీ హిందీయే, కరీంనగర్ ముస్లిం హిందీయే, హిందీలో నాలుగు మాటలు సరిగా రాని నేనూ హిందీయే. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. మన దేశపు ఫోర్‌మనే ‘ఏయ్ మద్రాసీ’ అని పిలిచినప్పుడు మాత్రం అన్నం సయించలేదు. మద్రాసు నేను చూడనైనా లేదు.

లెస్టర్‌లో ఓరుగల్లు పిల్ల:
బ్రిటన్‌లో మామూలు మాటల్లో ‘ఏషియన్’ అంటే మనమూ, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్లూ. ఇంగ్లండ్ జనాభా లెక్కల్లో చైనీయులను ఆ శీర్షిక కిందికి తెచ్చింది 2011లోనే. అంటే మాస్టారూ, ఇక్కడ మన గడిలోకి వాళ్లే వచ్చారు! ఇంకో మాట, కోపగించుకోకండి. హనుమకొండలో మా మేడమీద అద్దెకున్న మణిపూర్ అమ్మాయిలను వీధంతా ‘చైనా పిల్లలు’ అనేది, మా అమ్మతో సహా. అసలు చైనావాళ్ల పక్కన కూర్చోవడానికి మీకున్న ఇబ్బంది ఏమిటి?

చెరువుగట్టు మాస్టారు:
అమ్మా, జవాబు మూడుసార్లు రాసి చెరిపేశాను. మా అపార్టుమెంటు కాపలా మనిషిని ఆరేళ్లుగా ‘నేపాలీ’ అనే పిలుస్తున్నాను. అతనిది డార్జిలింగ్ అని నిన్న అడిగితే తెలిసింది. అయినా ఖాళీగా వదిలే హక్కు ఉందా, లేదా?

కాజీపేట జంక్షన్:
ఆసుపత్రిలో అయితే నిక్షేపంగా వదిలేయవచ్చు. ‘చెప్పడం ఇష్టం లేదు’ అన్న గడి కూడా చాలా ఫారాల్లో ఉంటుంది. జనాభా లెక్కల ఫారం మాత్రం అమెరికాలో నివసించేవారు చట్టప్రకారం నింపాల్సిందే. మీలా చుట్టపుచూపుగా వెళ్లినవారికి ఆ బాధ లేదు.

జగిత్యాల నుంచి:
ఇంతకీ పన్ను ఏమైంది సార్?

చెరువుగట్టు మాస్టారు:
అక్కడ మాత్రలతో నెట్టుకొచ్చి, ఇక్కడికి వచ్చాక పీకించుకున్నాను. చీటీలో పేరు, వయసు రాసుకున్నారు, అంతే. ఇంటిపేరు విని కాంపౌండర్ మాత్రం “మీరు ఏమిటోళ్లు సార్?” అని అడిగాడు. చెప్పాను.